చూపుడువేలి రిహార్సల్

ప్రజాస్వామ్యంలో అన్నిటికన్నా పవిత్రమైన కార్యం రిహార్సల్. ఓటు దాని తర్వాత వస్తుంది, వీలుంటే. ఈ సంగతి చాలా దేశాలకి ఇంకా తెలియదు. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ నాలుగో అంతస్తులో ఉన్న మా కంపెనీకి మాత్రం రెండువేల పద్నాలుగు వేసవిలోనే తెలిసిపోయింది. (కంపెనీ పేరు చెప్పను. నా జీతం ఇంకా అక్కణ్ణుంచే వస్తోంది.)

ముందు కొంత చరిత్ర చెప్పాలి. ఐటీ ఉద్యోగి ఓటు వెయ్యడని ఈ నగరంలో ఒక అపవాదు ఉంది. మర్యాదకి అపవాదు అంటున్నాను గానీ, అది నిజమే. పోలింగ్ సెలవు బుధవారం పడిందంటే మావాడు సోమ మంగళవారాలకి లీవు పెట్టి, శుక్రవారం సాయంత్రమే గోవా బస్సెక్కుతాడు. గురువారం తిరిగొచ్చి, ఈ దేశం ఎటు పోతోందో అని కాఫీ మిషన్ దగ్గర నిలబడి బాధపడతాడు. ఈ పరిస్థితిని చక్కదిద్దడానికి ఆ ఏడు 'ఐటీ కారిడార్ ఉత్తమ పౌర సంస్థల మండలి' అని ఒకటి పుట్టింది. ఉద్యోగుల చేత ఎక్కువ ఓట్లు వేయించిన కంపెనీకి షీల్డు ఇస్తామని ప్రకటించింది. ఎవరు వేశారో ఎవరు వెయ్యలేదో ఎట్లా తెలుస్తుందని అడిగితే, వేలు చూస్తామంది. సిరా ఉంటే ఓటు వేసినట్టు, లేకపోతే లేనట్టు. అందరికీ ఈ పద్ధతి చాలా శాస్త్రీయంగా తోచింది.

ఆ షీల్డు గొడవ అక్కర్లేని మనిషి మా జట్టులో ఒక్కతే ఉంది. ఆమె పేరు మెర్సీ. ఆమెకి ఓటు కావాలి.

మెర్సీది హఫీజ్‌పేట్, రైల్వే స్టేషన్ వెనక కాలనీ. అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, ముప్పై దాటినా ఒక్కసారి కూడా ఓటు వెయ్యలేదు. మా దగ్గర టెస్టింగ్ ఇంజనీరు. అంటే మేం రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి, 'డిఫెక్ట్' అని పేరు పెట్టి, అందరికీ కనిపించేలా నమోదు చేసి మా పరువు తీసే ఉద్యోగం. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో మా గేటు ముందర నడిరోడ్డు మీద వంటావార్పు జరిగితే, మధ్యాహ్నం వెళ్లి వాళ్లతో కూర్చుని పప్పన్నం తిని వచ్చింది. హెచ్చార్ వాళ్లు దాన్ని 'అనుమతి లేని భోజనం' అని ఆమె ఫైల్లోకి ఎక్కించారు. (అనుమతి ఉన్న భోజనం మా క్యాంటీన్లో పెడతారు. అది తిన్నవాళ్లెవరూ మెర్సీని తప్పుపట్టలేదు.) వాళ్లమ్మ దీనమ్మ సర్కారు దవాఖానాలో నర్సు. లాఠీ దెబ్బలు తిని వచ్చిన కాలేజీ పిల్లలకి పగలంతా కట్లు కట్టి, ఇంటికొచ్చాక ఆవిడకి ముద్ద దిగేది కాదట. ఇప్పుడు ఆ రాష్ట్రం వచ్చేస్తోంది. దాని మొదటి అసెంబ్లీకి తన మొదటి ఓటు వెయ్యాలన్నది మెర్సీ కోరిక.

"చైతన్యా, ఈసారి గిన ఓటు వెయ్యకపోతే, ఇగ నేను ఈ రాష్ట్రంల కిరాయికున్నట్టే," అంది నాతో ఒకరోజు. నాది ప్రొద్దుటూరు. మణికొండలో నిజంగానే కిరాయికి ఉంటున్నాను.

ఇక ఓటరుగా నమోదు కావడం గురించి. శాస్త్రం ప్రకారం ఓటరు అంటే, పట్టపగలు తన ఇంట్లో ఉండి, గంట మోగగానే తలుపు తీసే ప్రాణి. ఐటీ ఉద్యోగి ఈ నిర్వచనంలో ఎక్కడా ఇమడడు. మెర్సీ మొదటిసారి అర్జీ పెట్టినప్పుడు జాబితాలో ఆమె పేరు వచ్చింది గానీ, పక్కన మీసాలున్న ఒక పెద్దమనిషి ఫోటో వచ్చింది. సరిచెయ్యమని ఇంకో అర్జీ పెట్టింది. సరిచేశారు. ఫోటో ఉంచి, పేరు తీసేశారు.

రెండోసారి విచారణకి నర్సమ్మ వచ్చింది. నర్సమ్మ ఆ కాలనీలో అంగన్‌వాడీ టీచరు. పిల్లలకి గుడ్లు ఉడకబెట్టడం, పోలియో చుక్కలు వేయించడం, గర్భిణులకి బరువు చూడడం అయ్యాక ఏమైనా తీరిక మిగిలితే, ఆ తీరికలో ఓటర్ల జాబితా చూస్తుంది. ఆవిడ వచ్చేటప్పటికి మెర్సీ ఆఫీసులో ఉంది. దీనమ్మ నైట్ డ్యూటీ చేసొచ్చి ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. గంట కొట్టి కొట్టి, నర్సమ్మ వెళ్లిపోయింది. కొన్నాళ్లకి చూసుకుంటే ఒకే ఇంట్లో, ఒకే తలుపు వెనక, తల్లి ఓటు పదిలంగా ఉంది, కూతురు 'ఇల్లు మారారు'.

మెర్సీ పోయి అడిగింది.

"గంట మస్తుసేపు కొట్టిన బిడ్డా," అంది నర్సమ్మ. "దీనమ్మక్క అంటే పోలియో చుక్కలప్పుడు నాతోని తిరుగుతది, నాకు ఎర్కే. అక్క డ్యూటీకి పోయింటదని రాసిన. నిన్నైతే నేను ఎన్నడు సూడలే. పొద్దుగాల్నే బస్సెక్కి పోతవు, ఎప్పుడొస్తవో దేవునికెర్క. ఉన్నవని రాయాల్నా, లేవని రాయాల్నా? నువ్వే చెప్పు."

న్యాయమైన ప్రశ్నే. మా మేనేజరు కూడా ఏడాదికోసారి జీతాలు పెంచేముందు నన్ను ఇదే అడుగుతాడు.

మూడోసారి దారి దొరికింది. ఆదివారం పూట బడిలో కూర్చుని నర్సమ్మ స్వయంగా అర్జీలు తీసుకుంటుందన్నారు. కానీ ఆదివారమంటే మెర్సీకి చర్చి. పాటల గుంపులో ఆమెది ముందు వరస. పైగా క్రిస్మస్ దగ్గర పడింది, ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక పాటల రిహార్సల్ కూడా ఉంది. ఎగ్గొడితే పాస్టరు గారు అందరిముందూ పేరు పెట్టి అడుగుతారు. ఏం చెయ్యాలో తోచక తల పట్టుకుంటే, దీనమ్మ తేల్చేసింది.

"దేవుడు ప్రతి ఆదివారం ఉంటడు బిడ్డా, నర్సమ్మ ఉండది. పో, పోయి ఫారం ఇచ్చిరా."

అలా రిహార్సల్ ఎగ్గొట్టి మెర్సీ ఓటరు అయింది. వేసవిలో జాబితా వచ్చింది. పేరు ఆమెదే, ఫోటో ఆమెదే, ఎక్కడా మీసాల్లేవు. ఆ పేజీని ఫోన్లో ఫోటో తీసుకుని, క్యాంటీన్లో మాకందరికీ చూపించింది. కొత్తగా పెళ్లి కుదిరినవాళ్లు పెళ్లికొడుకు ఫోటో చూపించినట్టు చూపించింది. అంత సంబరపడడం మేమెప్పుడూ చూడలేదు, అందుకని తలా ఒక సమోసా ఇప్పించమన్నాం. ఇప్పించింది.

అయితే ఎగ్గొట్టిన రిహార్సల్ ఊరికే పోదు. అది వేరే రూపంలో ఎదురొస్తుంది. ఈసారి అది భీమేశ్వరరావు గారి రూపంలో వచ్చింది.

భీమేశ్వరరావు గారు మా మానవ వనరుల విభాగానికి అధిపతి. అమలాపురం మనిషి. ప్రతి మాటకీ 'అండి' చేరుస్తారు, ఉద్యోగంలోంచి తీసేసేటప్పుడు కూడా. మండలి షీల్డు సంగతి వినగానే ఆయన ఉద్యోగులందరినీ సమావేశపరిచారు.

"నిప్పంటుకోకముందే మనం ఫైర్ డ్రిల్ చేస్తున్నామా లేదా అండి? మరి ఓటు వెయ్యకముందు ఓటు డ్రిల్ ఉండొద్దా అండి?" అన్నారు.

(కిందటి ఫైర్ డ్రిల్లో సైరన్ మోగగానే అందరం క్రమశిక్షణగా వరసకట్టి లిఫ్టులో దిగాం. ఆ డ్రిల్ విజయవంతమైనట్టు రికార్డయింది.)

సర్క్యులర్ వచ్చింది. దాని ప్రకారం పోలింగుకి ముందు వచ్చే సోమవారంనాడు క్యాంటీన్లో 'ఓటు సన్నద్ధతా పరీక్ష' జరుగుతుంది. ఇందులో ఉద్యోగి వరసలో నిలబడడం, పేరు చెప్పడం, వేలికి సిరా పెట్టించుకోవడం, మీట నొక్కడం, ఎవరికి వేశాడో ఎవరికీ చెప్పకుండా తన సీటుకి తిరిగి వెళ్లడం అనే నైపుణ్యాలు ప్రదర్శించాలి. చివరిదాంట్లో చాలామంది తప్పుతారని ముందే ఊహించి, దానికి విడిగా శిక్షణ తరగతి పెట్టారు.

అభ్యర్థుల ఎంపిక కొంచెం ఇబ్బంది పెట్టింది. ఏ పార్టీకీ సంబంధం లేకుండా ఉండాలని ముందు ఇడ్లీ, సర్వపిండి, ఉగ్గాని అని మూడు ఫలహారాలు పెట్టారు. కాసేపట్లోనే మూడు వాట్సాప్ గుంపులు పుట్టాయి. ఇడ్లీ తన వాటాకి మించి ప్లేట్లు ఆక్రమించిందని సర్వపిండివాళ్లు, తమ ఉగ్గానిని అసలెవరూ పట్టించుకోవట్లేదని మా సీమవాళ్లు, అందరం కలిసే తిందామని ఇడ్లీవాళ్లు, గంటలో రాష్ట్ర చరిత్ర మొత్తం తిరిగి నడిపించారు. యాజమాన్యం ఫలహారాలన్నిటినీ పోటీనుంచి తప్పించి, స్టేప్లర్, కుర్చీ, గొడుగు అని కొత్త అభ్యర్థుల్ని ప్రకటించింది. ఇవి ఏ ప్రాంతానికీ చెందవని మా న్యాయ విభాగం రాతపూర్వకంగా ధ్రువీకరించింది.

ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. సిరా దగ్గర తేడా వచ్చింది. మొదట స్టాంపు ప్యాడ్ సిరా వాడదామన్నారు. మా నాణ్యతా విభాగం ఒప్పుకోలేదు. పరీక్ష జరిగే పరిస్థితులు అసలు పరిస్థితుల్లాగే ఉండాలి, అది మా వృత్తికి మూలసూత్రం, దాన్ని మీరితే సర్టిఫికెట్టు పోతుంది. కాబట్టి 'అసలు సిరాలాగే ఉండాలి' అని రాసి, ఒక రసాయనాల వ్యాపారికి ఆర్డరు ఇచ్చారు. వ్యాపారి నిజాయితీపరుడు, చెప్పింది చెప్పినట్టు పంపాడు. సీసాలు దిగాక, మా అడ్మిన్ వాళ్లు ఒక్కోదాని మీదా 'పరీక్ష కోసం మాత్రమే' అని కాగితం అంటించారు. (సీసా మీద ఏది రాస్తే లోపల అదే ఉంటుందని మా పరిశ్రమ గట్టి నమ్మకం.)

సోమవారం వచ్చింది. వరసలో నా ముందు మెర్సీ ఉంది. బల్ల దగ్గరికి రాగానే చేతులు వెనక్కి పెట్టుకుంది. బల్ల వెనక భీమేశ్వరరావు గారే నిలబడి ఉన్నారు, మెడలో 'పరిశీలకుడు' అన్న కార్డు వేసుకుని.

"సార్, ఇది పోతదా?" అని అడిగింది.

"పోతుందండి. టెస్ట్ సిరా అండి. సీసా మీద చూడండి."

"సీసా చూసిన సార్. ఎవరన్న కడిగి చూసిండ్రా?"

"కడగడం ఈ డ్రిల్ పరిధిలోకి రాదండి."

"అయితే కుడిచెయ్యికి పెట్టుండ్రి సార్. లేకుంటే చిటికెనవేలుకు పెట్టుండ్రి. ఎల్లుండి నాకు అసలు ఓటుంది."

"అందరికీ ఉందండి. ఉంది కాబట్టే కదండీ డ్రిల్లు. ఎడమచెయ్యి చూపుడువేలండి. ప్రాసెస్ అంటే ప్రాసెస్ అండి."

మెర్సీ వరసలోంచి పక్కకి తప్పుకుంది. నేను లోలోపల భేష్ అనుకున్నాను. ఆమె ఇంకా క్యాంటీన్ గుమ్మం దాటనే లేదు, ఫోన్ మోగింది. సర్క్యులర్ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న నియమం తన పని తాను చేసింది. సన్నద్ధతా పరీక్ష పూర్తిచేసినవారికే పోలింగ్ రోజు సెలవు. పూర్తి చెయ్యనివారు ఓటు వెయ్యడానికి సిద్ధంగా లేరు కనుక, ఆ రోజు ఆఫీసుకి వచ్చి పని చెయ్యాలి. బుధవారం పగటి డ్యూటీ జాబితాలో మెర్సీ పేరు అప్పటికే వచ్చేసింది. సిస్టమ్ చాలా బాగా పనిచేస్తుంది, దాన్ని మెర్సీయే టెస్ట్ చేసింది.

సెలవు లేనిదే ఓటు లేదు, సిరా లేనిదే సెలవు లేదు. మెర్సీ వెనక్కి వచ్చి, ఇంజక్షన్ వేయించుకునే పిల్లలాగా మొహం అటు తిప్పుకుని వేలు చాపింది. సిరా పెట్టారు. తర్వాత నాకూ పెట్టారు. లోపల మా ట్రైనీలు తయారుచేసిన మిషన్ ఉంది. ఏ మీట నొక్కినా 'మీ సమయం ముగిసింది, మళ్లీ ప్రయత్నించండి' అంది. (చివరికి స్టేప్లర్ గెలిచింది. మా అంతస్తులో స్టేప్లర్ పిన్నులు ఇప్పటికీ దొరకవు. ఆ విధంగా కూడా పరీక్ష వాస్తవానికి దగ్గరగానే జరిగింది.)

ఏసీ గదిలో ఆ సిరా లేత ఊదారంగులో, ఏదో చాక్లెట్ అంటుకున్నట్టు ఉంది. మెర్సీ కొంచెం స్థిమితపడింది. సాయంత్రం కంపెనీ బస్సు కోసం బయట ఎండలో నిలబడ్డాం. చూస్తుండగానే ఊదారంగు నల్లబడడం మొదలుపెట్టింది. బస్సు వచ్చేసరికి గోరూ, గోటి చుట్టూ ఉన్న చర్మమూ కాటుకలాగా అయ్యాయి. మెర్సీ వేలు చూసుకుంది, నా వేలు చూసింది, బస్సులో ఉన్న అందరి వేళ్లూ చూసింది.

మర్నాడు మంగళవారం ఆఫీసులో ఎవరూ కోడ్ రాయలేదు, అందరం చేతులు కడుక్కున్నాం. సబ్బు అయింది, నిమ్మకాయ అయింది, టూత్‌పేస్టు అయింది, గోళ్లరంగు తీసే మందు అయింది. క్యాంటీన్లో గిన్నెలు తోమే పీచు కూడా మాయమైంది. మెర్సీ ఇంట్లో దీనమ్మ స్పిరిట్ పెట్టి రుద్ది చూసింది. చివరికి దూది పక్కన పడేసి, "తోలు ఊడాలె బిడ్డా, గోరు పెరగాలె. దీనికి మందు లేదు," అందట.

మెర్సీ తనకి తెలిసిన పని చేసింది. సిస్టమ్‌లో డిఫెక్ట్ నమోదు చేసింది. విషయం: సిరా పోవడం లేదు. తీవ్రత: అత్యధికం. ఎవరికి నష్టం: నాకు. భోజనాల వేళకి జవాబు వచ్చింది. 'ఉత్పత్తి ఆశించిన విధంగానే పనిచేస్తోంది. డిఫెక్ట్ మూసివేయడమైనది.'

నాకు ఒళ్లు మండింది. నా ఓటు ప్రొద్దుటూరులో ఉంది, అక్కడ పోలింగ్ ఇంకో వారానికి, ఈ వేలితో నన్నూ ఎవరూ ఓటు వెయ్యనివ్వరు. కానీ నాది వేరు. నేను నాలుగుసార్లు వేసినవాణ్ణి, రెండుసార్లు ఎందుకు వేశానా అని తిట్టుకున్నవాణ్ణి. మెర్సీకి ఇదొక్కటే. ఇద్దరం కలిసి భీమేశ్వరరావు గారి గదికి వెళ్లాం. అక్కడప్పటికే జనం ఉన్నారు. ఆయన ఏమాత్రం కంగారుపడలేదు.

"ప్రతి సమస్యకీ పరిష్కారం ఉంటుందండి," అని, అందరికీ కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక ధ్రువీకరణ పత్రం ఇప్పించారు. అది ఇలా ఉంది: 'ఈ పత్రమును సమర్పించు వేలు మా సంస్థకు చెందిన ఉద్యోగిది. సదరు వేలిపై గల మచ్చ సన్నద్ధతా పరీక్షలో భాగంగా మాచే వేయబడినది. దీనిని మచ్చగా పరిగణించవలదని కోరుచున్నాము.' కింద సంతకం, పక్కన గుండ్రటి స్టాంపు ఉన్నాయి. స్టాంపు సిరా మాత్రం తడిచెయ్యి తగిలినా పోయేరకం.

బుధవారం పొద్దున్నే నేను హఫీజ్‌పేట్ వెళ్లాను. ఓటేసొచ్చాక అందరం కలిసి తిందామని, దీనమ్మ ముందు వారమే భోజనానికి పిలిచి ఉంది. తల్లీకూతుళ్లు చర్చికి కట్టుకునే చీరలు కట్టుకున్నారు. మెర్సీ ఆ పత్రాన్ని మడత పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. ముగ్గురం నడుచుకుంటూ బడికి వెళ్లాం. గేటు బయట నర్సమ్మ బల్ల వేసుకుని చీటీలు ఇస్తోంది. మెర్సీని చూడగానే మొహం వెలిగిపోయింది.

"ఈసారి నీ పేరు నేనే రాసిన, ఇగో చూస్కో," అంటూ చీటీ చేతిలో పెట్టింది. పెడుతూ వేలు చూసింది. "గిదేంది? అప్పుడే ఏసినవా?"

"లేదక్కా. ఆఫీసుల ట్రయల్ పెట్టిండ్రు."

"ఓట్లకు ట్రయలా?" నర్సమ్మ చీటీల కట్ట బల్ల మీద పెట్టేసింది. "మీ ఆఫీసుల పెండ్లికి గూడ గిట్లనే ముందుగాల తాళి కట్టి చూస్తరా?"

తల్లీకూతుళ్లు లోపలికి వెళ్లారు. నాకు లోపలికి ప్రవేశం లేదు కాబట్టి గేటు దగ్గరే ఆగిపోయాను. లోపల జరిగింది తర్వాత వాళ్లిద్దరూ చెప్పారు.

ఆ పోలింగ్ బూత్‌కి ప్రిసైడింగ్ ఆఫీసరు పుల్లయ్య గారు. కర్నూలు మనిషి, ఇక్కడెక్కడో సర్కారు బడిలో లెక్కలు చెబుతారు. మెర్సీ చీటీ ఇచ్చింది, పేరు చదివారు, ఉంది. ఫోటో చూశారు, ఆమెదే. వేలు చూపించమన్నారు. చూపించింది, వెంటనే పత్రం కూడా ఇచ్చింది. ఆయన కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివారు.

"పొద్దున్నించి ఈ కాయితం శానా వచ్చిందమ్మా," అన్నారు. "మొదట దొంగ ఓట్లోళ్లు అనుకున్యా. తర్వాత అడిగితే తెలిసింది, సాఫ్ట్‌వేరోళ్లంట."

"సార్, జాబితాల నా పేరుంది. ఫోటో ఉంది. ఇది నేనే సార్."

"నువ్వే తల్లీ. నువ్వు కాదని నేనన్లేదు. వేలికి గుర్తుంటే ఓటు ఇయ్యకూడదని రూలు. ఆ గుర్తు ఎవరు పెట్టినారని రూల్లో లేదు. ఉండింటే నేను నీకు ఎదురొచ్చి ఇచ్చేవాణ్ణి."

వెనక నిలబడ్డ దీనమ్మ ముందుకొచ్చింది.

"సారూ, నా ఓటు దీనికి ఇయ్యుండ్రి. నేను మస్తుసార్లు వేసిన. ఇది ఒక్కసారి వెయ్యలే."

"అట్ల మార్చేదానికి కాదమ్మా," అన్నారు పుల్లయ్య గారు. అని, మెర్సీ మొహం చూడకుండా ఆ పత్రాన్ని మళ్లీ కవర్లో పెట్టి ఇచ్చారు.

దీనమ్మ తన ఓటు వేసింది. నేను గేటు దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను, మెర్సీ బయటికి వచ్చి, బడి పంపు దగ్గర ఆగి, వేలు మరోసారి కడుక్కుంది. చీరకొంగుతో తుడుచుకుని చూసుకుంది. చీటీ నర్సమ్మకి తిరిగిచ్చెయ్యబోతే, ఆవిడ తీసుకోలేదు, "ఉంచుకో బిడ్డా, నీ పేరుంది గద దాంట్ల," అంది. ఆ రోజు దీనమ్మ కోడికూర చాలా బాగా వండింది. ముగ్గురిలో ఎవరం సరిగ్గా తినలేదు.

గురువారం మండలివాళ్లు వచ్చారు. గేటు దగ్గర బల్ల వేసుకుని, లోపలికి వచ్చే ప్రతి ఉద్యోగి వేలూ చూశారు. అందరికీ సిరా ఉంది. సోమవారం డ్రిల్ కాగానే గోవా వెళ్లి, బస్సు దిగి నేరుగా వచ్చినవాళ్లకీ ఉంది, మొహాలు ఎండకి మాడాయి గానీ వేళ్లు నిగనిగలాడుతున్నాయి. ఓటు హక్కు లేని ఒక నేపాల్ కుర్రవాడికి కూడా ఉంది. మొత్తం కంపెనీలో శుభ్రంగా ఉన్న వేలు ఒక్క భీమేశ్వరరావు గారిది. పరిశీలకుడు కనుక డ్రిల్లులో సిరా పెట్టించుకోలేదు, మండలి లెక్కలోకీ రాలేదు, అమలాపురంలో పోలింగ్ తర్వాతి బుధవారం. ఆయన ఆ మంగళవారమే ఊరెళ్లి, మర్నాడు నిమ్మళంగా ఓటేసి వచ్చారు. నేను ఆ బుధవారం మణికొండలోనే కూర్చుని, టీవీలో మా ఊరివాళ్ల వేళ్లు చూశాను.

షీల్డు మాకే వచ్చింది. నూరు శాతం. కారిడార్లో ఇంతకుముందు ఎవరూ సాధించలేదన్నారు. (వేలికి కట్టు కట్టుకుని ఓటు వెయ్యబోయి పట్టుబడినవాళ్ల కట్లు విప్పించి మరీ లెక్కపెట్టారు.) ఆ సందర్భంగా రిసెప్షన్లో పెట్టడానికి ఒక పెద్ద పోస్టరు కావలసి వచ్చింది. సిరా అందరికన్నా నల్లగా ఎవరికి పట్టిందో వెతికారు. దవాఖానా స్పిరిట్ పెట్టి రుద్దినందుకో ఏమో, మెర్సీ వేలు అన్నిటికన్నా బాగా కనిపిస్తోందన్నారు. ఫోటోగ్రాఫర్ వచ్చి వేలు పైకెత్తమన్నాడు. కింద పెద్ద అక్షరాలతో 'నేను ఓటు వేశాను. మరి మీరు?' అని రాయించారు.

మెర్సీ భీమేశ్వరరావు గారి దగ్గరికి వెళ్లింది.

"సార్, నేను ఓటు వెయ్యలే."

"అది మీ వ్యక్తిగత విషయమండి," అన్నారు ఆయన. "ఓటు రహస్యం కదండి. బయటికి చెప్పకూడదండి."

జూన్ రెండో తారీఖు వచ్చింది. రాష్ట్రం వచ్చింది. మా గేటు ముందు ఒకప్పుడు వంటావార్పు పెట్టిన చోటే గులాల్ చల్లుకున్నారు, స్వీట్లు పంచారు. మెర్సీ కూడా వెళ్లింది, చెంపలనిండా రంగుతో తిరిగొచ్చింది. ఈసారి ఆమె ఫైల్లో ఎవరూ ఏమీ రాయలేదు. చేతులు కడుక్కుంటే రంగంతా పోయింది. గోటి చివర ఆ నల్లటి గీత మాత్రం ఉంది. లోపలికి వచ్చేటప్పుడు తన వేలి పోస్టరు కిందనుంచే రావాలి, వేరే దారి లేదు. సీట్లో కూర్చుని మూసేసిన ఆ డిఫెక్ట్‌ని మళ్లీ తెరిచింది. 'నా ఓటు పోయింది' అని ఒక్క ముక్క చేర్చింది.

మా సంస్థలో ఏ డిఫెక్ట్‌నీ జవాబు లేకుండా వదలరు. సాయంత్రానికి జవాబు వచ్చింది.

'సమస్య గుర్తించబడినది. ప్రస్తుతం ఎన్నికలు లేనందున పరిశీలించుట సాధ్యము కాదు. తిరిగి పరీక్షించు తేదీ: రాబోవు సాధారణ ఎన్నికలు. బాధ్యురాలు: మెర్సీ. కావలసిన సామగ్రి: వేలు ఒకటి. సిరా స్టాకులో ఉన్నది.'